నూటనాలుగు మైళ్ళు, యాభై రెండు నిమిషాలు

పైలట్ డేల్ ఒంటిగంటా నలభైకి బెథెల్‌లో విమానం లేపాడని అక్కడి ఆఫీసు నుంచి షెర్రీ ఫోన్ చేసి చెప్పింది, అంటే రెండూ ముప్ఫై రెండుకి మా నెత్తిమీద ఉంటాడు, ఈ అలాస్కా మూలన బెథెల్ పట్నానికీ మా ఊరు కుయిగ్‌లుక్‌కీ మధ్య నూటనాలుగు మైళ్ళు, అతని చిన్న విమానం నిమిషానికి రెండు మైళ్ళు పోతుంది, నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊరి విమానాల ఏజెంటుని నేనే, దిగే విమానానికి ఎదురెళ్ళేదీ నేనే, ఎక్కేవాళ్ళ బరువు అడిగి రాసుకునేదీ నేనే, ఇక్కడ ఆకాశం ఎలా ఉందో బెథెల్‌కి చెప్పేదీ నేనే. చెప్పాను. ఒంటిగంటా ఇరవైకి వంటింటి కిటికీ ముందు నిలబడి, గుట్ట కనిపిస్తోంది షెర్రీ, అన్నాను. ఇప్పుడు రన్‌వే పక్కన రేకుల షెడ్డు ముందు నా మంచుబండి మీద కూర్చుని చూస్తున్నాను, గుట్ట సంగతి దేవుడెరుగు, రన్‌వే అవతలి చివర పాతిన నారింజ రంగు జెండా కూడా కనిపించడం లేదు. పొగమంచు సముద్రం మీంచి వచ్చి ఊరి మీద కూర్చుంది. నిన్నా కూర్చుంది, మొన్నా కూర్చుంది.

మా దగ్గర చూపుకి కొలతలు ఊళ్ళోనే ఉన్నాయి. బడి వెనక నూనె ట్యాంకులు కనిపిస్తే అరమైలు, శ్మశానంలో తెల్ల సిలువలు కనిపిస్తే మైలు, నది అవతల గుట్ట కనిపిస్తే మూడు మైళ్ళు. గుట్ట కనిపిస్తే విమానం వస్తుంది. అంతే, ఇందులో చదువుకోవాల్సింది ఏమీ లేదు. వాతావరణం కొలిచే యంత్రం ఒకటి రన్‌వే పక్కనే ఉంది, అది అక్టోబరులో మూగబోయింది, బాగుచేసేవాడు వస్తానన్నాడు, వాడు రావాలన్నా విమానమే కదా. యంత్రం పలకకపోతే ఆసుపత్రి విమానం ఇటు రాదు, వాళ్ళ రూలు వాళ్ళది. యంత్రం పలకకపోతే మబ్బులోంచి పరికరాలు చూసుకుంటూ కిందికి దిగడానికి కూడా లేదు, కళ్ళతో నేల చూసి దిగాలి. ఉత్తరాలూ, కోకాకోలా పెట్టెలూ, డైపర్లూ మోసుకొచ్చే డేల్ ఒక్కడే, మాట్రోనా చెబితే నేనొస్తాను అన్నాడు, మాట్రోనా అంటే నేనే. యంత్రం చెబితే అనలేదు. మాట్రోనా చెబితే అన్నాడు.

ఊళ్ళో ఆడవాళ్ళు విమానమెక్కేటప్పుడు చెప్పే బరువుకి నేను పదేసి పౌన్లు కలిపి రాస్తాను, ముఖం చూసి నవ్వకుండా రాస్తాను, నలభై పౌన్ల చేపలు సంచిలో కుక్కి ఇరవై అనేవాళ్ళని సంచి చేత్తో లేపి చూసి సిగ్గుపెడతాను. అబద్ధాలు దిద్దడమే నా ఉద్యోగం. నా మాటని డేల్ ఎలా దిద్దుకుంటాడో నాకు మొన్న వేసవిలో తెలిసింది, షెడ్డులో టీ తాగుతూ చెప్పాడు, "నువ్వెప్పుడూ ఉన్నదానికంటే ఓ మెట్టు తక్కువే చెబుతావు. సిలువలంటే నేను గుట్ట అనుకుంటా, గుట్టంటే ఎండ కాస్తోందనుకుంటా." నవ్వాను. నిజమే, భయంతో ఎప్పుడూ తగ్గించే చెప్పేదాన్ని. అంటే ఇవాళ అతను ఎండ కాస్తోందనుకుని వస్తున్నాడు. టీ ఫ్లాస్కు పక్కసీట్లో పెట్టుకుని, ఆ పిచ్చి పాటలు ఈలవేసుకుంటూ, మాట్రోనా గుట్టంది కదా అని వస్తున్నాడు. నాలుగు నిమిషాలయింది. ఎనిమిది మైళ్ళు.

ఎందుకన్నానో దాచేదేముంది, అమ్మ కోసం అన్నాను. అమ్మంటే నా మనవరాలు. దానికి మూడేళ్ళు, బడి కాగితాల్లో దాని పేరు కైలీ, కానీ అది పుట్టడానికి మూడు నెలల ముందు మా అమ్మ పోయింది, మా యూపిక్ వాళ్ళలో పోయినవాళ్ళ పేరు తర్వాత పుట్టినవాళ్ళకి పెడితే ఆ మనిషి తిరిగి వచ్చినట్టే, అందుకని దానికి అర్నారియాక్ అని అమ్మ పేరు పెట్టాం, నేను దాన్ని అమ్మా అనే పిలుస్తాను, నా కూతురు ఫేనియా తన కడుపున పుట్టినదాన్ని అమ్మమ్మా అంటుంది. దానికి ఏది పెట్టినా అమ్మకి చేరుతుంది. అమ్మకి చేతులు ఎప్పుడూ చల్లగా ఉండేవి, అందుకే అది పుట్టగానే బీవర్ తోలుతో చేతి తొడుగులు కుట్టి తొడిగాను, అది వేసవిలో పుట్టింది, అందరూ నన్ను చూసి నవ్వారు. అమ్మకి గట్టి బిస్కెట్టు మీద వెన్న వేసి టీలో ముంచుకోవడం ఇష్టం, ఇదీ పళ్ళు రాకముందునుంచే టీ గిన్నె వైపు చెయ్యి చాచేది. అమ్మలాగే నా మీద పెత్తనం చేస్తుంది. నా బూట్లు తడిగా ఉంటే పొయ్యి దగ్గర పెట్టమని వేలు చూపిస్తుంది. ఆ వేలు ఇప్పుడు నీలంగా ఉంది. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది, మూడు రోజులయింది, మా ఊరి క్లినిక్కులో డాక్టరు లేడు, బెర్తా ఉంది, బెర్తా ఫోన్లో డాక్టరు చెప్పినవన్నీ చేసింది, మందులు అయిపోయాయి, ఆక్సిజన్ సిలిండరు ఆఖరుది సాయంత్రం దాకా వస్తుందంది. మధ్యాహ్నం నుంచి పిల్ల తనంతట తను సరిగా పీల్చడం లేదు, మాస్కుకి తగిలించిన రబ్బరు సంచి చేత్తో నొక్కుతూ లోపలికి ఊపిరి పంపుతున్నారు, బెర్తా కాసేపు, ఫేనియా కాసేపు. ఇవాళ బెథెల్ చేరాలి, అని డాక్టరు అన్నాడు. చేరితే మంచిది అనలేదు, చేరాలి అన్నాడు.

నదిమీద తీసుకెళ్ళొచ్చు కదా అని డాక్టరు అడిగాడట. కొత్తవాడు, పాపం. నవంబరు చివర కూడా నది గట్టిపడలేదు, వంపు వంపుకీ నీళ్ళు నల్లగా నోరు తెరుచుకుని ఉన్నాయి, గట్టిపడ్డా మంచుబండి మీద నూట నలభై మైళ్ళు, ఏడు గంటలు, ఆ చలిలో సంచి నొక్కుతూ. మా నాన్న కుక్కల బండి మీద మూడు రోజులు తీసుకునేవాడు బెథెల్‌కి, వెళ్తే వారం దాకా రాడు, తిరిగొచ్చాక నెలంతా అక్కడి కబుర్లే. అప్పుడు అది దూరం. ఇప్పుడు యాభై రెండు నిమిషాలు. విమానాలొచ్చి దగ్గర చేశాయంటారు అందరూ, నేనూ అనేదాన్ని, టూరు మీద వచ్చిన దొరసానులకి గొప్పగా చెప్పేదాన్ని. ఎక్కడ దగ్గరైంది, ఆకాశం బాగున్నప్పుడు దగ్గర, లేనప్పుడు మూడు రోజులు కూడా కాదు, అసలు లేనే లేదు, బెథెల్ ఉందో లేదో కూడా తెలీదు. నాన్న రోజుల్లోనైతే పిల్ల జబ్బు పడితే కనీసం ఆశ ఉండేది కాదు, పక్కన కూర్చుని పాడేవాళ్ళు. ఈ యాభై రెండు నిమిషాలే మమ్మల్ని ఇలా కూర్చోబెడుతున్నాయి, చెవులు రిక్కించి.

పది నిమిషాలు. ఇరవై మైళ్ళు, ఇప్పుడు వేసవిలో చేపలు పట్టే శిబిరాల మీద ఉంటాడు, రేకు కప్పులు మంచులోంచి పైకి కనిపిస్తుంటాయి, అక్కడ ఆకాశం బాగానే ఉంటుంది, అక్కడెప్పుడూ బాగానే ఉంటుంది. జేబులో ఫోనుంది. షెర్రీకి చెయ్యొచ్చు. షెర్రీ, నేను పొరపడ్డాను, గుట్ట పోయింది, సిలువలు కూడా పోయాయి, డేల్‌ని వెనక్కి పిలువు, అనొచ్చు, పది సెకన్ల పని, షెర్రీ రేడియోలో చెబుతుంది, అతను సరే అని రెక్క వంచి తిరిగిపోతాడు, రాత్రి పెళ్ళాంతో కలిసి భోంచేస్తాడు. తొడుగు తీసి ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. తెర వెలిగింది. మళ్ళీ జేబులో పెట్టాను. మధ్యాహ్నం పూట ఈ పొగమంచు ఒక్కోసారి లేస్తుంది, నేను చూశాను, ఉన్నట్టుండి ఎవరో దుప్పటి లాగినట్టు లేస్తుంది, పావుగంట నిలుస్తుంది, మళ్ళీ కమ్ముతుంది. ఆ పావుగంట చాలు, దిగి, పిల్లనీ బెర్తానీ ఎక్కించుకుని ఎగిరిపోవడానికి ఎనిమిది నిమిషాలు చాలు, ఇంజను ఆపనక్కరలేదు. లేస్తుంది. ఇంకా నలభై రెండు నిమిషాలున్నాయి. నలభై రెండు నిమిషాల్లో ఏదైనా జరగొచ్చు అని నాకు నేను చెప్పుకుంటున్నాను, ఆ చెప్పుకునే గొంతు నాకే నచ్చడం లేదు.

నేను నిజంగా చూడలేదా అన్నదే తేలడం లేదు. అబద్ధమాడేటప్పుడు మనిషికి తెలుస్తుంది కదా, నాలుక మీద తెలుస్తుంది. నాకు తెలియలేదు. ఇరవై రెండేళ్ళుగా అదే కిటికీ, అదే గుట్ట, ఎడమ వైపు కాస్త వీపు వంగి ఉంటుంది, కుడి వైపు నున్నగా జారుతుంది, కళ్ళు మూసుకున్నా ఉంటుంది. ఒంటిగంటా ఇరవైకి తెల్లదనంలో అక్కడ ఏదో నల్లగా ఉందనిపించింది. ఉందా, ఉండాల్సిన చోట నేను పెట్టుకున్నానా. నా భర్త పోయాక ఏడాది దాకా అతని కుర్చీలో అతను కూర్చుని ఉన్నట్టే కనిపించేవాడు, కప్పు రెండోది కూడా తీసేదాన్ని. చూడటానికీ తెలిసి ఉండటానికీ తేడా ఈ ఊళ్ళో పనికొచ్చే తేడా, నాకు ముందు ఈ పని చేసిన వాసిలీ మామయ్యకి ఆ తేడా దగ్గరే జీవితం ఆగిపోయింది. ఒకసారి బాస్కెట్‌బాల్ పోటీలకి మా ఊరి పిల్లలు పై ఊరికి వెళ్ళాలి, రెండు రోజులుగా బడి హాల్లో సంచులు సర్దుకుని పడుకున్నారు, ఊరంతా మామయ్య ముఖమే చూస్తోంది, గుట్ట కనిపిస్తోంది అన్నాడు. విమానం ఖాళీగానే వచ్చింది, పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చింది, ఆ గుట్టకే తగిలింది. పైలట్ ఒక్కడే, పాతికేళ్ళవాడు. అడగడానికి వచ్చిన వాళ్ళకి మామయ్య ఒకటే చెప్పాడు, "నేను అబద్ధం చెప్పలేదు. రోజూ కనిపించేదే చెప్పాను." ఆ తర్వాత తన ఇంటి కిటికీకి కంబళి కట్టేశాడు, చనిపోయేదాకా తియ్యలేదు, రేడియో తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన మీద నాకు జాలేసేది. ఎంత తేలిగ్గా జాలిపడ్డానో.

"అమ్మా, ఎంతసేపు?" అంది రేడియోలో ఫేనియా. విమానం శబ్దం వినగానే పిల్లని తేవాలి కాబట్టి క్లినిక్కులోనూ రేడియో పెట్టుకున్నారు, పైలట్ మాటలూ నా మాటలూ వాళ్ళకి వినిపిస్తాయి. "ముప్ఫై మూడు నిమిషాలు," అన్నాను. మామూలుగా అయితే నా కూతురు ఇంకో పది ప్రశ్నలు వేస్తుంది, పొడుగు నాలుక నాదే వచ్చింది దానికి. ఇవాళ అడగలేదు. ఎందుకు అడుగుతుంది, ఒంటిగంటా ఇరవైకి అది నా వెనకే ఉంది. పిల్ల దుప్పటి కోసం ఇంటికొచ్చింది, వంటింట్లో నా భుజం మీదుగా అదే కిటికీలోంచి అదే తెలుపుని చూస్తూ నిలబడింది, నేను షెర్రీతో ఆ మాట అనడం విన్నది. ఫోను పెట్టేసి వెనక్కి తిరిగాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. దుప్పటి చంకలో పెట్టుకుని తలుపు తీసుకుని వెళ్ళిపోయింది, ఒక్క మాట అనలేదు. అది అన్నా బాగుండేది. గుట్టెక్కడుందమ్మా అని ఉంటే నేను కిటికీ వైపు మళ్ళీ చూసి ఉండేదాన్ని. దాని మీదకి నెడుతున్నాను చూడు, ముప్ఫై నిమిషాల్లో దాని బిడ్డ ఉంటుందో లేదో తెలియని దాని మీదకి.

ఇరవై ఒకటో నిమిషం. అతను అటు నుంచి ఇరవై ఒకటి అంటే మా వైపు నుంచి ముప్ఫై ఒకటి, ఆ చోటు నాకు తెలుసు. కింద ఏమీ లేదు, గడ్డీ చిన్న చిన్న చెరువులూ, ఎవరూ పేర్లు పెట్టని చెరువులు. మూడేళ్ళ కింద మార్చిలో అమ్మని బెథెల్ తీసుకెళ్తున్నాం, డేలే నడుపుతున్నాడు, అమ్మ తల నా ఒడిలో ఉంది, ఆకాశం గాజులా ఉంది ఆ రోజు. ముప్ఫై ఒకటో నిమిషంలో అమ్మ పోయింది. గడియారం చూశాను, ఎందుకు చూశానో, అలవాటు. డేల్ వెనక్కి తిరిగి నా ముఖం చూశాడు, అతనికి అర్థమైంది. ముందుకి ఇరవై ఒక్క నిమిషాలు, వెనక్కి ముప్ఫై ఒకటి. "ఇంటికి తిప్పమంటావా?" అన్నాడు, ఇంధనం ఎంతుందో ముల్లు వైపు కూడా చూడకుండా. వద్దు, దగ్గరదానికే పోదాం, అన్నాను. దగ్గరదానికి. ఇంటి దగ్గరే పోవాలని ఆమె నాలుగు నెలలుగా బతిమాలుతూ ఉంటే ఆఖరికి పది నిమిషాలకి కక్కుర్తిపడి బెథెల్‌లో దింపాను, అక్కడ అలాస్కా ప్రభుత్వం వాళ్ళ కాగితం మీద ఎక్కడ పోయింది అని గడి ఉంది. దారిలో అన్నాను. దారి అనేది ఊరు కాదు, రాయడానికి కుదరదంది అక్కడి గుమాస్తా. డేల్ మ్యాపు మీద వేలు పెట్టి ఆ చోటు అక్షాంశం, రేఖాంశం అంకెలు చెప్పాడు, అవీ పట్టలేదు, ఆ గడి చిన్నది. బెథెల్ అని రాశారు. అమ్మ బెథెల్‌లో చావలేదు. ఆ కాగితం ఇంకా నా డ్రాయరులో ఉంది, తీసినప్పుడల్లా అమ్మకి అన్యాయం చేశాననిపిస్తుంది, అది చాలదన్నట్టు ఇప్పుడు మళ్ళీ అదే మనిషిని అదే దారిన పంపడానికి కూర్చున్నాను.

పంపడానికైనా రావాలి కదా. ముప్ఫై నిమిషాలు దాటాయి. చలి తొడల్లోకి ఎక్కుతోంది. లేచి రన్‌వే మీద నడుస్తున్నాను, అడుగులు లెక్కపెట్టుకుంటూ, నలభై అడుగుల దగ్గర తిరిగి చూస్తే నా మంచుబండి మసకగా ఉంది, అరవై దగ్గర లేదు. అరవై అడుగులు. మైళ్ళలో చెప్పడానికి దానికి పేరు లేదు. ఇప్పుడైనా ఫోను చెయ్యి మాట్రోనా. అతను పాత ఊరి మీద ఉంటాడు, మసూచికి జనమంతా పోయిన ఊరు, గుంటలు మాత్రం మిగిలాయి, అక్కడి నుంచి చూస్తే మా వైపు తెల్లటి గోడలా కనిపిస్తుంది, చూసి తనే వెనక్కి పోతాడు, తెలివైనవాడు, పదిహేడేళ్ళు ఇక్కడ ఎగిరినవాడు. కానీ నేను గుట్టన్నాను. గోడని చూసి కూడా, దీని వెనక ఖాళీ ఉంది, మాట్రోనా చూసింది, అనుకుంటాడు. నదిని పట్టుకుని కిందికి దిగి వస్తాడు, నీళ్ళ నలుపు కనిపించేంత కిందికి, అలా వచ్చాడు ఇదివరకు, నదిని పట్టుకుని వస్తే ఆఖరి వంపు దగ్గర ఎడమ చేతి పక్కన గుట్ట ఉంటుంది. ఎడమ పక్కన ఉంటుందని అతనికి తెలుసు. వాసిలీ మామయ్య పిలిపించిన ఆ పాతికేళ్ళవాడికీ తెలుసు.

ఫోను చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదని ఎవరైనా రేపు అడిగితే ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాను, మామయ్య మాట ఒకటి సిద్ధంగా ఉంది, అది నేను వాడుకోను. నేను ఒక మనిషిని ఒక మనిషికి బదులుగా పెట్టాను, ఉన్న సంగతి అదే. డేల్ నాకేమవుతాడు, ఏమీ కాడు, తెల్లవాడు, మా భాషలో నాలుగు బూతులూ ఒక కృతజ్ఞతా తప్ప ఏమీ రావు, అయినా అమ్మ అంత్యక్రియలకి సొంత డబ్బుతో ఇంధనం పోసుకుని వచ్చి, శ్మశానంలో గట్టిపడ్డ నేలని మావాళ్ళతో పాటు గునపంతో తవ్వాడు, చేతులు బొబ్బలెక్కాయి. అతన్ని పెట్టాను. ఆ నారింజ జెండా కనిపిస్తే చాలు, దేవుడా, గుట్ట వద్దు, జెండా చాలు. నలభై నిమిషాలు. నలభై ఐదు. గాలి లేదు, అసలు ఆకు కదిలేంత గాలి కూడా లేదు, గాలి లేకపోతే ఇది కదలదు, ఇది నాకు తెలుసు, ఒంటిగంటా ఇరవైకి కూడా గాలి లేదు. లేస్తుందని అనుకోవడానికి నాకు ఏ ఆధారమూ లేదు. ఆశ అనే మాట వాడుకున్నాను, అంతే.

రెండూ ముప్ఫై నాలుగుకి శబ్దం వచ్చింది. ముందు పళ్ళలో తెలిసింది, తర్వాత చెవుల్లో. ఊళ్ళో కుక్కలు మొరిగాయి. శబ్దం నా మీంచి వెళ్ళింది, ఎంత ఎత్తులోనో తెలియదు, సముద్రం వైపు పోయి, తిరిగి, మళ్ళీ వచ్చింది, ఈసారి కిందుగా, నూనె ట్యాంకుల మీంచి, నేను తెలియకుండానే తల వంచి షెడ్డు గోడకి ఆనుకున్నాను. ఏమీ కనిపించలేదు. తెలుపు అరుస్తున్నట్టుంది. రేడియోలో డేల్ గొంతు వచ్చింది, తాపీగా, దుకాణంలో రొట్టె ఉందా అని అడిగినట్టు.

"మాట్రోనా, నాకు కింద ఏమీ ఆనడం లేదు. నదిమీంచి ఒకసారి ప్రయత్నిస్తాను. పాప ఎలా ఉంది?"

"ఉంది," అన్నాను.

"నువ్వొకటి చెప్పు చాలు. గుట్ట ఇంకా కనిపిస్తోందా? నువ్వు కనిపిస్తోందంటే దాన్ని ఎడమకి వదిలేసి వచ్చేస్తాను."

బొత్తాం మీద నా బొటనవేలు ఉంది. పెద్ద మాట కూడా కాదు, ఊ అంటే చాలు. ఊ అంటే వచ్చేస్తాడు, పదిసార్లలో ఆరుసార్లు దిగుతాడేమో, అంత మంచి చెయ్యి అతనిది, దిగితే పిల్ల గంటలో బెథెల్‌లో ఉంటుంది. అతనడిగింది ఆకాశాన్ని కాదు, నన్ను. క్లినిక్కులో అల్మారా మీద రేడియో ఉంది, ఫేనియా వింటోంది, ఊపిరి బిగబట్టి వింటోంది, నాకు ఇక్కడికి తెలుస్తోంది. నేను మొదటి మాట అన్నప్పుడు యాభై రెండు నిమిషాలు అడ్డం ఉన్నాయి, ఆ మాటకీ దాని ఫలితానికీ మధ్య నూటనాలుగు మైళ్ళు ఉన్నాయి, అంత దూరంలో ఎవరైనా ఏదైనా అనగలరు. ఇప్పుడు ఏమీ లేదు మధ్యలో. అతను నా నెత్తిమీద తిరుగుతున్నాడు.

"లేదు డేల్," అన్నాను. "కనిపించడం లేదు. ఇందాక కూడా కనిపించలేదు."

శబ్దం ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. తిడతాడనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది.

"ఇందాక కూడానా," అన్నాడు.

"అవును. నువ్వు పో. గుట్ట వైపు పోకు, కుడికి తిరిగి పైకి పో."

"రేపు వెలుతురు రాగానే వస్తాను," అన్నాడు. రేపు వెలుతురు వచ్చేది పదిన్నరకి. సరే అన్నాను. శబ్దం కుడికి తిరిగి పైకి పోయింది, పలచబడింది, కుక్కలు కూడా ఊరుకున్నాయి, అయినా వినిపిస్తూనే ఉందనిపించి అక్కడే నిలబడ్డాను, తర్వాత అది నా చెవుల్లోనిదేనని తెలిసి మంచుబండి తిప్పాను. అతను బతికాడు. ఆ సంతోషం నాకు ఎక్కడా తగల్లేదు, వెతికాను కూడా.

క్లినిక్కులో వేడికి నా కళ్ళజోడు మసకేసింది, తుడుచుకుని చూశాను. బెర్తా బల్ల దగ్గర ఫోను చెవికి ఆనించుకుని డాక్టరుకి చెబుతోంది, రాలేదండీ, వెనక్కి పోయింది, లేదండీ ఇంకోటి లేదు, ఇంకెన్ని గంటలని అడిగితే సిలిండరు మీద ముల్లు చూసి చెప్పింది, ఆ అంకె నేను విన్నాను. ఫేనియా మంచం మీద మోకాళ్ళ మీద కూర్చుని సంచి నొక్కుతోంది, వేళ్ళు తెల్లబడిపోయాయి, పిల్ల రొమ్ము లేస్తోంది, దిగుతోంది. నా కోటు విప్పి పక్కన కూర్చుని, ఇలా ఇవ్వు, కాసేపు నేను నొక్కుతాను, అన్నాను. ఇచ్చింది. ఒక్క ఊపిరి కూడా తప్పకుండా చేతిలోంచి చేతిలోకి మార్చుకున్నాం. సంచి వెచ్చగా ఉంది. అమ్మ జుట్టు నుదుటికి అతుక్కుని ఉంటే ఫేనియా చూపుడు వేలితో పక్కకి తీసింది, నా వైపు చూడలేదు.

"ఇందాక చెప్పినట్టే ఇప్పుడూ చెప్పుండొచ్చుగా అమ్మా," అంది.

కోపంగా అనలేదు, అలిసిపోయినదానిలా అంది. బెర్తా ఫోను పెట్టేసి మమ్మల్నిద్దర్నీ చూసింది. పదిహేనేళ్ళుగా ఈ ఊరికి మందులిస్తున్న మనిషి, డేల్ చేతి మీద కుట్లు వేసిన మనిషి, అలా అనకూడదు ఫేనియా అంటుందేమోనని ఎదురుచూశాను. అనలేదు. నేను సంచి నొక్కుతూ ఉన్నాను.